ఆరు పాటల చీటీకి టీకా తాత్పర్యం

మార్క్ నాఫ్లర్ అనే బ్రిటిష్ గిటార్ వాద్యకారుణ్ణి చిరకాలంగా ఆరాధిస్తున్న ఒక అభిమాని, ఆయన పాటలలో తనకు ప్రియమైనవి ఏవో, వాటిని ఎలా వినాలో తెలియజేస్తూ ఒక చీటీ మీద రాసిపెట్టిన ఆరు వాక్యాలు ఈ వ్యాఖ్యకు మూలం. మూలం అంటే వ్యాఖ్యాత ఒక్క అక్షరమైనా మార్చకూడని రచన; అందులోని పదాలకు అర్థం చెప్పేది టీక, పదాల వెనుక ఉన్న ఉద్దేశాన్ని విప్పేది తాత్పర్యం. మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత వ్యాఖ్య ఆ ప్రతిజ్ఞలోని మొదటి సగాన్ని శిరసావహిస్తుంది; రెండవ సగాన్ని కూడా పాటిస్తే ఇంత చిన్న చీటీ మీద వ్యాఖ్య రాయడానికే వీలుండదు గనుక, దాని విషయంలో మాత్రం సూరిగారి క్షమను కోరుతుంది.

మూలం: “సుల్తాన్స్ ముందు. టెలిగ్రాఫ్ రోడ్ మొత్తం. రోమియో రాత్రి మాత్రమే. ఫిలడెల్ఫియా. బేసిల్ కూడా. మనీ వద్దు.”

మొదటి ఐదు వాక్యాలలో క్రియాపదం లేదు, ఆరవదానిలో ఉన్నదీ నిషేధార్థకమే. లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఇక్కడ “వినవలెను” అన్న క్రియను అధ్యాహారం చేసుకుంటే అన్వయం, అంటే పదాల పొందిక, చక్కగా కుదురుతుంది. వినవలసిన వారెవరన్న సందేహం మిగులుతుంది. అభిమాని తన కోసమే రాసుకున్నాడని కొందరు అనవచ్చు గానీ, తాను ఏ పాట వినాలో తనకు తాను చీటీ రాసుకునేవాడు లోకంలో కనిపించడు. ఇది ఇతరుల కోసం రాసిన విధివాక్యమే, అనగా ఆజ్ఞ.

“సుల్తాన్స్ ముందు” అన్న చోట సుల్తాన్స్ అంటే ఢిల్లీ సుల్తానులు గానీ గోల్కొండ ప్రభువులు గానీ కారు. భీమసేనుణ్ణి భీముడన్నట్టు పేరులోని ఒక భాగంతో మొత్తాన్ని సూచించడం శాస్త్రసమ్మతమే కనుక, “సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్” అనే పాట ఇక్కడ ఉద్దిష్టం. గ్లాస్గోలో 1949లో పుట్టి, ఇంగ్లండు ఈశాన్యాన న్యూకాజిల్ ప్రాంతంలో పెరిగిన నాఫ్లర్, తమ్ముడు డేవిడ్, జాన్ ఇల్స్‌లీ, పిక్ విదర్స్‌లతో కలిసి 1977లో లండన్‌లో “డైర్ స్ట్రెయిట్స్” అనే బృందాన్ని స్థాపించాడు. చేతిలో చిల్లిగవ్వ లేని కటిక దుస్థితి అని ఆ పేరుకు అర్థం, అప్పటికి అది యథార్థనామమే. ఇంచుమించు ఖాళీగా ఉన్న ఒక పబ్బులో జనం పట్టించుకోకపోయినా తమ పాటికి తాము జాజ్ వాయించుకుంటూ పోయిన ఒక చిన్న బృందం, చివర తమను తాము స్వింగ్ సుల్తానులమని చెప్పుకోగా విని, ఆ పేరుకూ ఆ ఖాళీ గదికీ మధ్య ఉన్న దూరం నుంచి నాఫ్లర్ ఈ పాట కట్టాడు. స్వింగ్ అంటే జాజ్ సంగీతంలో వినేవాడి పాదాన్ని తెలియకుండా ఆడించే ఒక రకపు లయ. పాటలోని వాద్యకారులలో ఒకడికి పగలు వేరే ఉద్యోగం ఉంది, ఇంకొకడికి గిటార్ మీద స్వరసంఘాతాలన్నీ తెలిసినా లయకు తోడుగా మీటడంతోనే సరిపెట్టుకుంటాడు, మూలన కూర్చున్న కుర్రకారుకు వీళ్ల ఊదుడు అక్కరలేదు.

ఇక్కడ పూర్వపక్షం, అంటే ఖండించడం కోసం ముందుగా చెప్పే ఎదుటివారి వాదం, ఇలా ఉంటుంది: అభిమానికి ఈ పాట ఇష్టం కావడానికి కారణం సాహిత్యం కాదు, చివర పరుగుపరుగున వచ్చే గిటార్ వరుసలే, ఏ అభిమానినైనా పాట పాడమంటే మాటలు వదిలేసి ఆ వరుసలనే నోటితో వాయించి చూపిస్తాడు. ఈ వాదంలో బలం లేకపోలేదు. నాఫ్లర్ మొదట ఈ పాటను వేరే గిటార్ మీద కట్టుకున్నప్పుడు అది చప్పగా ఉందనుకున్నాడనీ, 1977లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ అనే విద్యుత్ గిటార్ చేతికొచ్చాకనే దానికి ప్రాణం వచ్చిందనీ ప్రసిద్ధి. పైగా ఆయన మీటే తీరే వేరు. రాక్ వాద్యకారులలో అధికులు పిక్ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్లతో తీగలను కొడతారు. నాఫ్లర్ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో తీగను కింది నుంచి లాగి వదులుతూ, మిగిలిన రెండు వేళ్లను గిటార్ చెక్కకు ఆన్చి ఉంచుతాడు. పుట్టుకతో ఎడమచేతి వాటమైనా గిటార్‌ను మాత్రం కుడిచేతివారిలాగే పట్టుకుంటాడు. వీణ విన్న చెవికి ఆ వేలికొస నాదం కొత్తగా తోచదు. ఒక్కో స్వరం మొదలులో చర్మం తీగను వదిలిన చిన్న టప్పు వినిపిస్తుంది.

అయినా సిద్ధాంతం వేరు. ఆ గిటార్ ఎక్కడ మోగుతుందో గమనించాలి. గాయకుడు ఒక మాట చెప్పి ఆగిన ఖాళీలో రెండు మూడు స్వరాలు పలికి తప్పుకుంటుంది, పబ్బులో ఎవరో చెప్పిన మాటకు పక్కవాడు ఊకొట్టినట్టు. పాట నడుస్తున్నంతసేపూ పాటలోని ఆ గిటార్‌వాడిలాగే నాఫ్లర్ కూడా తన విద్యను దాచుకుని, వాళ్లు సెలవు పుచ్చుకున్నాక గానీ దాన్ని పూర్తిగా విప్పడు. సుల్తానుల మీద గౌరవం లేనివాడు ఆ సంయమనం పాటించలేడు. కనుక చివరి వరుసల వేగాన్ని ఇష్టపడేవాడు, తనకు తెలిసినా తెలియకపోయినా, అంతకు ముందున్న ఓపికనే ఇష్టపడుతున్నాడు. ఈ పాటకు పాఠాంతరం, అంటే మరొక ప్రతిలో కనిపించే భిన్నరూపం, ప్రబలంగా ఉంది: 1983 జూలైలో లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో జరిగిన కచేరీ నుంచి 1984లో వెలువడిన “ఆల్కెమీ” ఆల్బమ్‌లో అది దాదాపు రెట్టింపు నిడివితో ఉంటుంది. ఏ పాఠం గ్రాహ్యమో మూలకర్త చెప్పలేదు. సుల్తానులు సభలోకి వచ్చి ఉపన్యాసమిచ్చినట్టుంటుంది కనుక రెండవది ఈ వ్యాఖ్యకు రుచించదు. ఈ మాట అన్నందుకు అభిమాన లోకం క్షమించదని తెలిసే చెప్పడమైనది.

“మొత్తం” అన్న విశేషణం “టెలిగ్రాఫ్ రోడ్”కు ఎందుకు తగిలించాడన్నది ఆలోచించదగినది. ఇతర పాటలను సగం వినవచ్చునా అన్న ఆక్షేపానికి సమాధానం, ఈ పాట నిడివి 14 నిమిషాలకు పైగా ఉండటమే. 1982లో వచ్చిన “లవ్ ఓవర్ గోల్డ్” అనే ఆల్బమ్‌లో ఉన్నవే ఐదు పాటలు, వాటిలో ఇది మొదటిది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరం పక్కగా పోయే ఇరవై నాలుగవ నంబరు రహదారికి అక్కడ టెలిగ్రాఫ్ రోడ్ అని పేరు. ఆ దారిన ప్రయాణిస్తూ, క్నుట్ హామ్సన్ అనే నార్వే రచయిత బీడుభూమిలో కాపురం పెట్టిన మనిషి గురించి రాసిన నవలను చదువుతూ ఉండగా నాఫ్లర్‌కు ఈ పాట తట్టింది. కాలిబాటన వచ్చిన ఒక్కడు మూట దించి గుడిసె వేసుకోగా, వాడి వెనుక జనం, వాళ్ల వెనుక చర్చి, బడి, లాయర్లు, గనులు, ఆఖరికి కార్ల బారులు వస్తాయి. అంతా వచ్చాక పని మాత్రం పోతుంది. బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య ముప్పై లక్షలు దాటిన ఆ ఏడాది పాట ఇది. మొదట దూరంగా ఈలలాంటి ఒక స్వరం, దాని మీద బృందంలోని అలన్ క్లార్క్ పియానో మెల్లగా చేరతాయి, మాటలు మొదలు కావడానికే రెండు నిమిషాలు పడుతుంది. మాటలు అయిపోయాక గిటార్ మరికొన్ని నిమిషాల పాటు ఆ రోడ్డు మీదనే పరుగెత్తుతుంది. ఈ చివరి భాగాన్ని అనవసరమని కోసివేసేవారిని ఉద్దేశించిందే “మొత్తం” అన్న పదం. ఒక ఊరు పుట్టి చెడడానికి పద్నాలుగు నిమిషాలు ఎక్కువని అనేవాడితో వాదం పెట్టుకోనక్కరలేదు.

“రోమియో రాత్రి మాత్రమే” అన్నదానిలో రోమియో శబ్దానికి మన వీధుల్లో ఉన్న అర్థం, అంటే ఆడపిల్లల కాలేజీ ముందు బైకు మీద తిరిగేవాడు, గ్రాహ్యం కాదు. 1980 నాటి “మేకింగ్ మూవీస్” ఆల్బమ్‌లోని “రోమియో అండ్ జూలియట్” ఇక్కడ వివక్షితం. అందులో మోగేది 1937లో తయారైన నేషనల్ కంపెనీ గిటార్; దాని ఒళ్లంతా లోహం, లోపల తీగల కదలికను పెద్దది చేసే పలుచని లోహపు శంకువు ఉంటుంది, విద్యుత్తు తోడు లేకుండానే నాదం గదంతా నిండుతుంది. 1985లో వచ్చిన “బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్” ఆల్బమ్ అట్ట మీద మేఘాలలో తేలుతూ కనిపించేది ఈ గిటారే. రాగాలకు వేళలున్నట్టు ఈ పాటకు రాత్రిని నియమించడంలో శాస్త్రప్రమాణం ఏదీ లేదు. ప్రియురాలు పేరుప్రతిష్ఠలు చూసుకుని వెళ్లిపోయాక మిగిలినవాడి గొడవను పగలు కూరగాయలు తరుగుతూ వినడం అనౌచిత్యమన్న భావనే హేతువు కావచ్చు.

“ఫిలడెల్ఫియా” స్పష్టం. వ్యాఖ్యాతలు కఠినమైన చోట స్పష్టమని రాసి దాటిపోతారన్న అపవాదు ఉంది గనుక రెండు మాటలు. “సెయిలింగ్ టు ఫిలడెల్ఫియా” అన్నది డైర్ స్ట్రెయిట్స్ ముగిశాక 2000లో వచ్చిన పాట. థామస్ పించన్ నవల “మేసన్ అండ్ డిక్సన్” చదివి కట్టినది. అమెరికాలో పెన్సిల్వేనియా, మేరీలాండ్ వలసల సరిహద్దు తగాదా తీర్చడానికి 1763 నుంచి 1767 వరకు గీత కొలిచిన ఇద్దరిలో, రొట్టెల వ్యాపారి కొడుకైన మేసన్ ఖగోళజ్ఞుడు, దర్హమ్ బొగ్గుసీమ వాడైన డిక్సన్ సర్వేయరు. మేసన్ పాత్రను గాయకుడు జేమ్స్ టేలర్ పాడగా, తన ఈశాన్యపు మనిషి డిక్సన్‌ను నాఫ్లర్ తానే తీసుకున్నాడు. వీళ్లూ పని మీద పోతున్నవాళ్లే అన్నది పాఠకులు గుర్తించే ఉంటారు.

“బేసిల్ కూడా” అన్న చోట “కూడా” అనేది సముచ్చయార్థకం, అంటే ముందున్నవాటితో దీన్నీ కలుపుతుంది. అయితే ఆ మాటలో కాస్త మొహమాటం ధ్వనిస్తున్నది. బేసిల్ అంటే తులసి జాతి మొక్క అని భ్రమపడరాదు. బడి చదువు రోజుల్లో నాఫ్లర్ న్యూకాజిల్‌లోని “ఈవెనింగ్ క్రానికల్” పత్రికలో కాపీబాయ్‌గా, అంటే రాసిన కాగితాలను ఒక బల్ల నుంచి మరొక బల్లకు మోసే కుర్రాడిగా పనిచేశాడు. 1966లో అచ్చయిన “బ్రిగ్‌ఫ్లాట్స్” అనే దీర్ఘకవితతో ఆధునిక ఆంగ్ల కవులలో నిలిచిన బేసిల్ బంటింగ్, పొట్టకూటి కోసం ఆ పత్రికలోనే సబ్ఎడిటర్ బల్ల దగ్గర ఇష్టం లేకుండా కూర్చుని ఉండేవాడు. యాభై ఏళ్లు గడిచాక, 2015 నాటి “ట్రాకర్” ఆల్బమ్‌లో, ఆ కుర్రాడు ఆ పెద్దమనిషి మీద పాట కట్టాడు. కాగితాలు మోస్తూ మనుషులను చూడటం అలవాటైనవాడు తరువాత లీడ్స్‌లో “యార్క్‌షైర్ ఈవెనింగ్ పోస్ట్” విలేఖరి అయ్యాడు, లండన్ సమీపంలోని ఒక కాలేజీలో పాఠాలు చెప్పాడు, ముప్పై ఏళ్లు దగ్గర పడుతుండగా గానీ పేరు తెచ్చుకోలేదు. తన గురించి తక్కువగా, ఎదుటివాడి వృత్తి గురించి ఎక్కువగా పాడే ఈ అలవాటు ఆ బల్లల మధ్య పుట్టిందేనని ఈ వ్యాఖ్య నిశ్చయం. ఈ పాట ఎక్కువమందికి తెలియదన్న జంకుతోనే “కూడా” చేరింది. అది అనవసరం, చీటీలో అభిమాని నిజంగా తానై ఎంచుకున్నది ఇదొక్కటే.

ఇక “మనీ వద్దు”. దీన్ని విడిగా చదివినవారు అభిమాని ధనాన్ని త్యజించిన విరాగి అనీ, చీటీ ఒక వైరాగ్య శతకానికి బీజమనీ అనుకునే ప్రమాదముంది. “మనీ ఫర్ నథింగ్” అనే పాటను వినవద్దన్న నిషేధమే ఇది. న్యూయార్క్‌లో గృహోపకరణాలు అమ్మే దుకాణంలో వరుసగా పెట్టిన టీవీలలో ఎంటీవీ పాటల ఛానెల్ మోగుతుండగా, ఫ్రిజ్జులు, స్టవ్‌లు మోసే పనివాడొకడు తెర మీద ఎగురుతున్న గాయకులను చూసి, కష్టపడకుండా వీళ్లకు డబ్బు వస్తున్నదని అక్కసు వెళ్లగక్కాడు. నాఫ్లర్ ఆ దుకాణంలోనే కాగితం, కలం అడిగి పుచ్చుకుని, ప్రదర్శనకు పెట్టిన వంటగదిలో కూర్చుని అతని మాటలను అతని నోటి తీరులోనే రాసుకున్నాడు. 1985లో పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది; 1987 ఆగస్టు 1న ఎంటీవీ ఐరోపాలో ప్రారంభమైనప్పుడు మొట్టమొదట వేసినది, ఆ ఛానెల్ మీద అక్కసుతో పుట్టిన ఈ పాట వీడియోనే. 2024 జనవరిలో లండన్ క్రిస్టీస్ సంస్థ నాఫ్లర్ గిటార్లు, యాంప్లిఫైయర్లు కలిపి 120కి పైగా వేలం వేయగా 80 లక్షల పౌండ్లకు మించి వచ్చింది, అందులో నాలుగో వంతు దానధర్మాలకు పోయింది. ఈ పాటకు వాడిన లెస్ పాల్ రకం గిటార్ ఒక్కటే దాదాపు 5.9 లక్షల పౌండ్లు పలికింది. పనివాడి అక్కసు నిరాధారమని ఎవరూ అనలేరు.

నిషేధానికి కారణం అతిపరిచయం, అంటే హోటళ్లలో, టాక్సీలలో, రేడియోలో విని విని విసుగెత్తడం. అందరికీ నచ్చినదాన్ని కాదనడం పాత అభిమానికి హోదా చిహ్నం కూడా. ఈ ఒక్క చోట మూలకర్తతో వ్యాఖ్యకు పొత్తు కుదరదు. పబ్బు వాద్యకారులను, సర్వేయర్లను, బల్ల దగ్గరి కవిని ప్రేమించినవాడు ఫ్రిజ్జులు మోసేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపడం పూర్వాపర విరోధం, అనగా తన మాటను తానే ఖండించుకోవడం. వ్యాఖ్యాత మూలాన్ని మార్చరాదు గనుక “వద్దు” అలాగే ఉంచబడినది.

ఫలశ్రుతి అంటే గ్రంథాన్ని విన్నవారికి కలిగే ఫలితం. మడగాస్కర్‌లో తవ్వకాలు జరుపుతున్న శాస్త్రవేత్తలకు, నాఫ్లర్ పాటలు పెట్టుకున్నప్పుడల్లా ఒక చిన్న మాంసాహార డైనోసార్ ఎముకలు దొరుకుతూ వచ్చాయి. 2001లో వారు దానికి “మసియాకసారస్ నాఫ్లరి” అని పేరు పెట్టారు. దాని ముందుపళ్లు పైకీ కిందికీ కాక నేరుగా ముందుకు పొడుచుకుని ఉంటాయి. తవ్వేటప్పుడు మోగిన పాటలలో మనీ ఉందో లేదో చీటీ రాసినవాడు ముందుగా విచారించి ఉండవలసింది.