లాస్ట్ ఎంత?

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మాస్టారు చంకలో గోనెసంచి, జేబులో చిల్లర నోట్లు సర్దుకుని చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది.

“ఎక్కడికండీ?”

“ఎర్రగడ్డ.”

“పోన్లెండి, ఎవరూ పట్టుకెళ్లకుండా మీ అంతట మీరే బయల్దేరారు.”

ఎర్రగడ్డ అనగానే తెలుగువాళ్లకి ఆ పెద్దాసుపత్రే గుర్తొస్తుంది. అక్కడ ఆదివారాలు పాతసామాన్ల సంత కూడా జరుగుతుందని, తను వెళ్లేది దానికేనని మాస్టారు మూడేళ్లుగా చెబుతూనే ఉన్నారు. సాయంత్రం ఆ సంచి ఒలకబోసినప్పుడల్లా వాళ్లావిడకి మాత్రం రెండింటికీ పెద్ద తేడా కనబడటం లేదు.

మాస్టారి పేరు రాయకూడదని ఈ వ్యాసానికి షరతు. షరతు ఎవరు పెట్టారో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు. సంతలో పదికి కొని, కడిగి, తుడిచి, ఫోటో తీసి, ఫోన్లో ముప్పైకి అమ్మడం ఆయన పక్క వ్యాపారం. కొనడం వరకు అద్భుతంగా సాగుతోంది.

ఈ వ్యాపారానికి హైదరాబాదులో రాజమార్గం ఎప్పుడో పడిందని మాస్టారి వాదన. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఒకసారి వేసుకున్న బట్టలు మళ్లీ వేసుకోడని పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాల వరస రెండంతస్తుల్లో, చేత్తో తిప్పే చెక్క లిఫ్టుతో సహా ఇప్పటికీ చూడొచ్చు. ఆ బట్టలు, బూట్లు, గడియారాలు చూసుకోవడానికి ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా మనిషి కొలువులో ఉండేవాడు. ప్రభువు విడిచేసిన వస్తువుల్ని శుభ్రం చేసి, కొత్త పెట్టెలో పెట్టి, మళ్లీ ఆ ప్రభువుకే అమ్మేవాడని ఊళ్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆయన పెట్టిన దుకాణం పేరుమీదే ఇవాళ్టి ఆబిడ్స్ వెలిసింది. సరుకు ఉన్నచోటే ఉంది, కొనేవాడూ ఉన్నచోటే ఉన్నాడు. రవాణా ఖర్చు లేదు, “సైజు సరిపోలేదు” అని వాపసు రాదు. ఇంత చక్కని వ్యాపారం మళ్లీ ఎవరూ చెయ్యలేదని మాస్టారు నిట్టూరుస్తారు.

అంతటితో ఆగరు. ఆ ఆరో నిజాం కొన్న జాకబ్ వజ్రం, ఆయన పోయాక, ఏడో నిజాంకి తండ్రిగారి పాత జోడు ముందుభాగంలో దొరికింది. 184.75 క్యారెట్ల రాయి. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నీ కలిపి 218 కోట్లకు కొన్నప్పుడు ఆ కాగితాల బరువు కూడా అందులో ఉంది. అందుకే ఎర్రగడ్డలో పాత బూట్ల గుట్ట కనబడితే మాస్టారు ప్రతి జోడులోనూ చెయ్యి పెట్టి చూస్తారు. ఇంతవరకు ఒక బొద్దింక, ఒక బస్సు టికెట్టు దొరికాయి.

సంత చూడని వాళ్లకి చెప్పాలి. రోడ్డు వారగా పట్టాలు పరిచి ఉంటాయి. మోటారు లేని మిక్సీ జార్లు ఒకడి దగ్గర, జార్లు లేని మోటార్లు ఇంకొకడి దగ్గర. ఇద్దరూ పక్కపక్కనే కూచుంటారు గానీ కలవరు. ఏ టీవీదో తెలియని రిమోట్లు, ఎడమకాలి బూట్లు, పీటముళ్లు పడ్డ చార్జర్లు, ఎవరి పెళ్లిదో గానీ పేర్లు చెక్కిన స్టీలు పళ్లెం. పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్లో ఇంతకన్నా గొప్ప సరుకు దొరుకుతుందట. గురువారం కాలేజీ ఉంది కాబట్టి మాస్టారి సంసారం నిలబడింది.

బేరం చెయ్యడంలో ఒక మర్మం ఉంది. కావలసిన వస్తువుకేసి చూడకూడదు. పక్కనున్న దిక్కుమాలిన వస్తువు పట్టుకుని ధర అడిగి, పెదవి విరిచి, లేచి వెళ్లబోతూ, “పోనీ ఇదెంత భయ్యా?” అనాలి. మాస్టారు ఈ పద్ధతి శ్రద్ధగా పాటిస్తారు. అయితే ఆ దిక్కుమాలిన వస్తువు కూడా చవగ్గా ఇస్తానంటే కాదనలేరు. ఇంట్లో ఏడు టార్చిలైట్లు అలా చేరినవే.

ఆయనకి బాగా తెలిసిన సరుకు హెచ్‌ఎంటీ వాచీ. సిటిజన్ అనే జపాను కంపెనీ సాయంతో హిందుస్తాన్ మెషీన్ టూల్స్ 1961లో వాచీలు మొదలుపెడితే తొలి వాచీని నెహ్రూ విడుదల చేశారు. ఆ తరవాత ముప్పై ఏళ్లపాటు తెలుగుదేశంలో పెళ్లికొడుకు చేతికి మామగారు తొడిగిన గడియారం చాలావరకు అదే. 2016లో వాచీల కంపెనీ మూతపడేసరికి, డ్రాయర్లలో పడి ఉన్న జనతా, పైలట్, కోహినూర్లకి గిరాకీ మొదలైంది. గిరాకీ ఉన్నచోట దగా ఉంటుంది. ఒక వాచీ పొట్ట, ఇంకోదాని ముళ్లు, మూడోదాని కేసు కలిపి, డయలు మీద కొత్తగా చిలకపచ్చ రంగు పూసి “ఒరిజినల్” అని అమ్ముతారు. మాస్టారు వాచీ మెకానిక్ కంటికి పెట్టుకునే అద్దం ఒకటి కొన్నారు. దాంతో చూస్తే అసలు డయలు మీద ‘17 జువెల్స్’ అన్న అక్షరాలు చీమ కాళ్లలా సన్నగా, సూటిగా ఉంటాయి. పూసినదాని మీద అవే అక్షరాలు కాస్త ఉబ్బి, అంచుల్లో పాకి ఉంటాయి. కీ తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కు సమంగా పడాలి. కుంటితే పొట్టలో మడ్డి ఉన్నట్టు. ఇవన్నీ చూస్తూ మాస్టారు ఎండలో ముప్పావుగంట గొంతుక్కూచుంటే, అమ్మేవాడే జాలిపడి ఓ ఇరవై తగ్గించాడు.

అలా కొన్న జనతా జమాఖర్చు ఇది. కొన్నది 350. మెకానిక్ విప్పి శుభ్రం చేసినందుకు 400. తోలు పట్టీ 120. అట్టపెట్టె, బుడగల కాగితం, టేపు 60. కొరియర్ 90. వెరసి 1020. అమ్మింది 1100. లాభం 80 అని మాస్టారు ప్రకటించారు.

“ఆ రోజు మెట్రోకి?” అంది ఆవిడ.

“అరవై.”

“ఇడ్లీ, టీ?”

“అవి ఇంట్లో ఉన్నా తింటానుగా!”

“ఇంట్లో ఉంటే టీకి ఇరవై, ఇడ్లీకి నలభై నాకివ్వరుగా.”

నష్టం 40. పట్టిన టైము, రానూపోనూ కలుపుకుని, ఆరు గంటలు. గంటకెంత పడిందో మాస్టారు ఇంకా లెక్కెయ్యలేదు. జవాబు రుణసంఖ్య వస్తుందని తెలుసు కాబట్టి.

అమ్మకం ఇంకో ప్రపంచం. ఫోటో పెట్టిన అరనిమిషానికి “ఇంకా ఉందా?” అని వస్తుంది. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అయితే ఆ ప్రశ్న టైపు చెయ్యక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. అంత సులువు కాబట్టే అడిగినవాళ్లలో నూటికి తొంభైమంది “ఉందండీ” అన్న జవాబు చూసి తృప్తిగా నిద్రపోతారు. వస్తువు క్షేమంగా ఉందా లేదా అన్నదే వాళ్ల బెంగ. మిగతా పదిమంది “లాస్ట్ ఎంత?” అంటారు. ఫస్ట్ ఎంతో చదవరు. 1100 అని రాసి ఉంటే “300 ఫైనల్ బ్రో” అంటాడొకడు. బ్రోకి యాభై నాలుగేళ్లు. “అంకుల్, స్టూడెంటుని” అంటాడు ఇంకొకడు. ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోను చేసి, వాచీ నంబరు, పట్టీ వెడల్పు, ఎవరి చేతికి ఉండేది, వాళ్లెలా పోయారు అన్నీ అడిగి, చివర్లో “మా దగ్గర ఇలాంటివి నాలుగున్నాయి, కొంటారా?” అన్నాడు. కొన్నారు.

ధర దగ్గర తప్పు అవతలివాళ్లదే కాదు. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల్లో సగంమందికి కాఫీ కప్పులిచ్చి, మిగతావాళ్లకి అమ్మమన్నారు. చేతికొచ్చి కాసేపన్నా కాలేదు, అమ్మేవాళ్లు అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు అని మనకి ముందే తెలుసు. కాకపోతే మన కాకికి నోబెల్ రాలేదు, కానెమన్‌కీ థేలర్‌కీ తరవాతెప్పుడో వచ్చింది.

పనికిరాని సరుకంటూ లేదన్నది మాస్టారి సూత్రం. సాక్ష్యం 1995 నాటిది. పియర్ ఒమిడ్యార్ ఈబే మొదలుపెట్టినప్పుడు, తొలిగా అమ్ముడుపోయింది విరిగిన లేజర్ పాయింటరు, 14.83 డాలర్లకి. అది పనిచెయ్యదని తెలుసా అని ఆయన కొన్నవాణ్ని అడిగితే, విరిగినవే పోగుచేస్తుంటానని జవాబొచ్చింది. ఈ కథ మాస్టారు ఇంట్లో పదకొండుసార్లు చెప్పారు. “ఆ కొన్నాయన అడ్రసు కనుక్కోండి, మన బాల్కనీ అంతా పంపేద్దాం” అని పదకొండుసార్లూ ఒకే జవాబు.

ఇరుగుపొరుగుకి విషయం తెలిశాక కొత్త తంటా వచ్చింది. పక్కింటి పిన్నిగారు పోపులడబ్బా నిండా నాణేలు తెచ్చారు. అందులో రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ నాణెం ఉంది, కోటి పలుకుతుందని వాట్సాప్‌లో వచ్చిందట. కంపెనీవాళ్లు అలాంటి నాణెం వెయ్యనేలేదు పిన్నీ, అవి గుళ్ల దగ్గర అమ్మే బిళ్లలూ, తరవాతివాళ్లు పోతపోసినవీ అంటే, “నువ్వు కొట్టేద్దామని చూస్తున్నావు” అని డబ్బా మూసేసుకున్నారు. ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తామని, ముందు కమీషను కట్టమని తిరిగే ఇలాంటి ప్రకటనలు నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. పైగా నిజంగా నూరేళ్లు దాటిన నాణేలూ శిల్పాలూ పురావస్తువుల కిందికి వస్తాయి. 1972 చట్టం ప్రకారం వాటితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. మాస్టారు తొంభై తొమ్మిదేళ్ల దగ్గరే ఆగిపోతారు.

మిలిటరీ ఆయన సంగతి చెప్పకుండా ఉండలేం. వెదురు లాంతరు ప్రకటన పెట్టిన గంటకి హిందీలో ఫోనొచ్చింది. తను సైన్యంలో ఆఫీసరు, సరిహద్దుకి బదిలీ అయింది, బేరం ఆడను, బండి పంపుతాను, డబ్బు ఇప్పుడే వేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి చాలు. లాస్ట్ ఎంత అని అడగని మొదటి మనిషి! మాస్టారి కళ్లు చెమర్చాయి. స్కాన్ చేశారు. పిన్ గుర్తురాలేదు. “ఏమోయ్, నా పిన్ ఎంత?” అని కేకేశారు. ఆవిడ గరిటెతో సహా వచ్చి, “డబ్బు మనకొస్తుంటే పిన్ ఎందుకండీ?” అంది. అంతే, అవతల ఫోను కట్టయింది. యూపీఐలో డబ్బు పంపడానికి పిన్ కొట్టాలి, అందుకోడానికి అక్కర్లేదు. ఇలా పోగొట్టుకున్నవాళ్లు వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. గరిటె అందరిళ్లలోనూ సమయానికి రాదు.

ఆ లాంతరు చివరికి విశాఖపట్నం వెళ్లాల్సొచ్చింది. బరువు కిలో. కొరియర్ కుర్రాడు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు, మూడూ నలభై సెంటీమీటర్లు. గుణించి 5000తో భాగిస్తే 12.8. పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములకి డబ్బు కట్టాలన్నాడు. గాలికి కూడా బరువు కడతారని లెక్కల మాస్టారికి ఆ రోజే తెలిసింది. లెక్కలో తప్పుందేమోనని రెండుసార్లు చేసి చూశారు. లేదు.

చందమామల దగ్గర మాత్రం ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక పాత సంచికలకి అమెరికా తెలుగువాళ్లలో మంచి గిరాకీ ఉంది. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్ మీద ఒక కట్ట దొరికింది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, తుప్పు పట్టిన పిన్నులు. ఒక సంచికలో ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ మీద ఏ పిల్లో పెన్సిలుతో తన వ్యాఖ్య రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. పంపినట్టు లేదు. డల్లాస్ నుంచి ఒకాయన మొత్తం కట్ట కొంటానన్నాడు, బేరం కూడా ఆడలేదు, నిజం మనిషే. పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసి చెబుతానని మాస్టారు కట్ట విప్పి కూచున్నారు. అది నాలుగు నెలల కిందటి మాట. ఇంకా చూస్తున్నారు. డల్లాస్ ఆయన మొన్న “చదవడం అయ్యిందాండీ?” అని మెసేజీ పెట్టాడు.

కిందటి నెల మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దడానికి ఊరెళ్లారు, నాలుగు రోజులు. ఫోటోలు, వర్ణనలు, చరిత్ర ఏమీ లేకుండా ఆవిడ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక్క లైను పెట్టింది: “టార్చిలైట్లు ఏడు, మిక్సీ జార్లు నాలుగు, అన్నీ పనిచేస్తాయి, సాయంత్రం ఆరులోపు.” లాస్ట్ ఎంత అన్నవాళ్లకి “రాసిందే” అంది. ధర రాయలేదు కాబట్టి ఎవరికీ ఏమనాలో తెలియక అడిగినంతా ఇచ్చేసి పట్టుకెళ్లారు. వచ్చినది 1460. మూడేళ్లలో మాస్టారి అత్యధిక లాభం ఇంతకన్నా తక్కువ.

ఇప్పుడిక ఆవిడ జాబితాలో మిగిలింది రాగి బాయిలరు ఒక్కటే. పన్నెండు కిలోలు, మధ్యలో పొగగొట్టం, కింద బొగ్గుల జల్లెడ, ఇత్తడి కుళాయి, ఎక్కడా చిల్లు లేదు, చింతపండుతో తోమి ఉంది. కొరియర్ చెయ్యబడదు, వచ్చి పట్టుకెళ్లాలి. మాస్టారు కాలేజీకి వెళ్లే వేళ చూసుకుని వస్తే మంచిది. లాస్ట్ ఎంతో ఆవిణ్ని అడగండి.