శ్వేతపరీక్షకుడి లక్షణాలు

పూర్వపు వరంగల్ జిల్లాను విభజించగా 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కేంద్రాలలో, ఊరి అంచున వెలుస్తున్న కొత్త కాలనీలలో, గృహప్రవేశానికి ముహూర్తం కుదిరి లప్పం పని సగానికి వచ్చిన ఇంటి ముందర ఒక ప్రత్యేకమైన మనిషి తరచుగా కనిపిస్తాడు. ఉద్యోగ విరమణ చేసినవాడో, దానికి దగ్గర పడినవాడో అయి ఉంటాడు. కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కి ఉంటుంది. చేతిలో షేడ్ కార్డు, అనగా రంగుల కంపెనీలు తమ వర్ణాలను చిన్న చిన్న చదరాలుగా అచ్చువేసి దుకాణాలకు పంపే పుస్తకం, ఎప్పుడూ ఒకే పేజీ దగ్గర తెరిచి ఉంటుంది. ఇతనిని ఇక్కడ శ్వేతపరీక్షకుడని వ్యవహరిద్దాం. గోడలకూ పైకప్పుకూ తెలుపే వేయించాలన్న నిర్ణయం ఇతను ఒక్క నిమిషంలో తీసుకుంటాడు, ఏ తెలుపు అన్న దగ్గర మాత్రం మూడు నెలలు ఆగుతాడు.

ఇతని తాతల కాలంలో ఈ జాతి లేదు, ఉండే అవకాశమూ లేదు. బట్టీలో కాల్చిన సున్నపురాయిని తొట్టిలో వేసి నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి విరిసేది. దానిని వడగట్టి, పట్టు కోసం జిగురు, పసుపు ఛాయ తెలియకుండా ఇంత నీలిమందు కలిపి, దసరాకో పెండ్లికో గోడలకు కొట్టి, అడుగున జాజుతో ఎర్రని పట్టీ తీర్చేవారు. గోడ మీది సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్లీ రాయిగా మారుతుంది గనుక ఆరే కొద్దీ తెల్లబడుతుంది. తెల్లగా వచ్చిందా, రాలేదా అన్నదొక్కటే అప్పటి ప్రశ్న, దానికి ఇంటి పెద్దావిడ చెప్పిన జవాబే తుది తీర్పు.

ఎమల్షన్లు, అంటే నీటిలో సన్నని ప్లాస్టిక్ రేణువులు తేలియాడేలా చేసి రంగుపొడి కలిపిన పెయింట్లు, వచ్చిన తరువాత తెలుపు బహువచనమైంది. పాల పేరుతో ఒకటి, ముత్యం పేరుతో ఒకటి, మల్లె పేరుతో ఒకటి, ఏ పేరూ దొరకనప్పుడు ఏదో మంచుకొండ పేరుతో మరొకటి. వీటన్నింటిలోనూ తెల్లదనాన్ని ఇచ్చేది టైటానియం డయాక్సైడ్ అనే పొడి. పూర్వం ఈ పనికి వాడిన సీసపు తెలుపు విషపదార్థం. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇంటి రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నియమం అమలులో ఉంది. టైటానియం ఎక్కువగా దొరికే ఖనిజమైన ఇల్మెనైటు మాత్రం నల్లని ఇసుక, భీమునిపట్నం తీరంలో నడిచినవారి కాళ్లకు అంటుకునేది అదే. ఈ సంగతి శ్వేతపరీక్షకుడికి తెలియదు, తెలియకపోవడమే మంచిది, ఎందుకంటే దుకాణంలోని టింటింగ్ మిషన్, అనగా తెల్లని మూల పెయింటులో లెక్క ప్రకారం చుక్కలు రాల్చి కోరిన ఛాయ తెప్పించే యంత్రం, తన కళ్లముందే డబ్బాలో పసుపుతో పాటు నల్లచుక్క కూడా వేయడం చూసిన నాడే అతని మనసు విరిగింది. “తెలుపుల నలుపు ఎందుకు కలుపుతున్నవ్?” అని అతను నిలదీయగా, “కలపకుంటే మీరు జూపిన తెలుపు రాదు సార్” అని దుకాణదారు వినయంగా చెప్పాడు.

అతని పద్ధతిలో మొదటి దోషం చదరాలను పక్కపక్కన పెట్టి చూడడం. పారిస్‌లో తివాచీల కర్మాగారానికి అద్దకాల పర్యవేక్షకుడైన షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే ఒక గ్రంథంలో నిరూపించినట్టు, రెండు వర్ణాలు పక్కపక్కన ఉంటే కంటికి వాటి భేదం ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. విడిగా చూస్తే మచ్చలేని తెలుపు, మరో తెలుపు పక్కన చేరగానే మాసిపోయినట్టు కనిపిస్తుంది; పది తెలుపులను ఒకేసారి చూసేవాడికి తొమ్మిది మాసినవే. రెండవ దోషం దుకాణంలోని ట్యూబులైటు. దాదాపు 6500 కెల్విన్ల ఆ వెలుగు నీలి ఛాయ గలది, ఇంట్లో కొడుకు పెట్టించిన 3000 కెల్విన్ల దీపాల వెలుగు పసుపుది. అక్కడ పాలవలె ఉన్నది ఇక్కడ వెన్న కావడంలో వింత లేదు. అతను మాత్రం డబ్బా మారిందని అనుమానిస్తాడు.

జనగామ శాఖకు చెందిన శ్వేతపరీక్షకుడికి రైలు ఒక అదనపు ఆపద. పొద్దున బండెక్కితే సికింద్రాబాదులో దిగి, బావమరిది ఫ్లాటులో పైకప్పు చూసి, దానిని ఫోనులో ఫోటో తీసుకొని రాత్రికి తిరిగి రావచ్చు. ఫోను కెమెరా వెలుతురును బట్టి తెలుపును తనంతట తానే సవరిస్తుంది గనుక, ఆ ఫోటోలో ఉన్న తెలుపు ఆ ఫ్లాటులో లేదు. లేని తెలుపును కలపమని జనగామ దుకాణంలో అడగడం తరువాతి వారం కార్యక్రమం. మహబూబాబాద్ శాఖ కష్టం వేరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పక్క ఖాళీ జాగాలో ఎవరో మిరపకాయలు ఆరబోస్తారు, మధ్యాహ్నపు ఎండ వాటి మీద పడి కిటికీలోంచి గోడ మీదికి గులాబీ ఛాయగా వస్తుంది. తెల్లని గోడ ఎదుటి వస్తువుల రంగును దాచుకోలేదు. మానుకోటలో, అంటే ఈ మహబూబాబాద్‌లోనే, మిర్చి కాలంలో తెలుపు ఎంచుకున్నవాడు వానాకాలంలో వేరే ఇంట్లో ఉన్నట్టు భావిస్తాడు.

అయితే ఈ మూడింటిలో లోతైన పాండిత్యం భూపాలపల్లి శాఖదే. అక్కడి శ్వేతపరీక్షకుడు చాలాసార్లు సింగరేణి బొగ్గు కంపెనీ కార్మికుడు, ఆ కంపెనీ కేటీకే (కాకతీయ ఖని) గనులలో ముప్పై ఏండ్లు దిగి ఎక్కినవాడు. భూగర్భ గనిలో బొగ్గు ధూళి గాలిలో లేచి అంటుకుంటే పేలుడు సంభవిస్తుంది గనుక, మండే గుణం లేని రాతిపొడిని, కార్మికులు స్టోన్ డస్ట్ అనేదానిని, దారుల కప్పు మీదా పక్కల మీదా నేల మీదా చల్లుతారు. అది వేడిని పీల్చుకొని మంటను సాగనివ్వదు. సాధారణంగా సున్నపురాయి పొడి కావడం వల్ల చల్లిన చోట నల్లని దారి తెల్లబడుతుంది. దాని మీద మళ్లీ బొగ్గు పేరుకొని తెలుపు బూడిద రంగుకు తిరిగిందంటే మళ్లీ చల్లవలసిన వేళ అయినట్టే. తెలుపు ఎంత మాసితే ప్రమాదమో టోపీదీపం వెలుగులో పసిగట్టడం వృత్తిధర్మంగా నేర్చిన ఆ కన్ను, ఇంటి హాలులో ఎల్ఈడీ వెలుగులో ఊరుకుంటుందని ఆశించడం అన్యాయం. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లు కట్టుకొని, గోడ మీద వేలు రాసి, వేలి కొన చూసుకొని, ఇంకా కోటు వేయని గోడలను కూడా అతను తనిఖీ చేస్తాడు. “ఏదైతేంది, మాసేదే గదా” అని భార్య అంటుంది. సాంకేతికంగా ఆమె మాటను ఖండించడానికి ఆధారాలు లేవు.

ఇంత తాత్సారానికి కారణం కూడా ఇతని దగ్గరే స్పష్టంగా తెలుస్తుంది. క్వార్టరులో ఉన్నన్నాళ్లూ గోడల రంగు కంపెనీ ఇష్టం. సొంత ఇల్లు మొదలుపెట్టాక ద్వారం ఎటు ఉండాలో వాస్తు పండితుడు చెప్పాడు, స్తంభాలు ఎక్కడ లేవాలో ఇంజనీరు చెప్పాడు, వంటింటి బండ భార్య, దీపాలు కొడుకు, టైల్స్ అమెరికా నుంచి వీడియోలో కోడలు నిర్ణయించారు. డబ్బు ఇవ్వడం ఒక్కటే యజమానికి మిగిలిన తరుణంలో, ఎవరూ పట్టించుకోని తెలుపు అతని చేతికి చిక్కింది. అది తేలిపోతే అతని యాజమాన్యమూ తేలిపోతుంది. కనుక శ్వేతపరీక్షకుడు తెలుపును వెతుకుతున్నాడనడం కంటే, దొరకకుండా కాపాడుతున్నాడనడం శాస్త్రీయం.

పెయింటరు ఇది గ్రహించినవాడు. రెండడుగుల అట్టముక్కకు రెండు కోట్లు వేసి, దానిని ఒక్కొక్క గది మూలకూ తిప్పి, పగలూ రాత్రీ విడివిడిగా చూడడమే సరైన మార్గమని అతను మొదటి రోజే చెప్పాడు, “ఆరినంక చూడుండ్రి సార్” అని కూడా చెప్పాడు. శ్వేతపరీక్షకుడు దానిని పాటించాడు, కానీ ఆ అట్టను చంకన పెట్టుకొని బంధువుల ఇళ్లకు కూడా తీసుకుపోయాడు.

పైకప్పు ప్రస్తావన రాగానే ఉపాఖ్యానం మొదలవుతుంది. పడిన వెలుగులో ఎంత భాగం తిరిగి వస్తుందో సూచించే పరావర్తన విలువను నలుపుకు 0, పరిపూర్ణమైన తెలుపుకు 100గా లెక్కిస్తారు. పైకప్పు వెలుగును కిందికి పంపాలి గనుక అక్కడ చుక్కలు కలపని స్వచ్ఛమైన తెలుపు, గోడలకు కన్ను నొవ్వకుండా కొంచెం తగ్గిన తెలుపు వాడడం ఆచారం. మెరుపు లేని మ్యాట్ రకం స్లాబు మీది ఎగుడుదిగుళ్లను, లప్పం గీతలను దాస్తుంది. మెరుపు రకం కిటికీ వెలుగు పక్కనుంచి తగలగానే అన్నింటినీ బయటపెడుతుంది, కానీ తుడిస్తే మరక పోతుంది. పిల్లల చేతులు అందే గోడకు మెరుపు, అందని పైకప్పుకు మ్యాట్ అన్న సూత్రం ఇక్కడ నుంచే వచ్చింది. శ్వేతపరీక్షకుడు దీనిని కంఠస్థం చేసి, అడగనివారికి కూడా బోధిస్తాడు. ఫ్యాను చుట్టూ పైకప్పు మీద పడబోయే నల్లని వలయం గురించి అతనికి ఇప్పటి నుంచే దిగులు.

చివరికి తెలుపును నిర్ణయించేది అతను కాదు, ముహూర్తం. గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు ఏ డబ్బా దుకాణంలో ఉంటే అదే గోడకెక్కుతుంది. ఆ రోజు భోజనాల తరువాత వియ్యంకుడు తాంబూలం నములుతూ, “లప్పం మంచిగొచ్చింది బావా, మరి రంగులెప్పుడు ఏపిస్తరు?” అని అడుగుతాడు. శ్వేతపరీక్షకుడు కోపగించుకోడు, అతనిని భుజం పట్టి హాలు నడుమ నిలబెట్టి, ముందు పైకప్పు వైపు, తరువాత గోడ వైపు చూపి, రెండింటికీ తేడా చెప్పమంటాడు. వియ్యంకుడు మర్యాదగా తలెత్తి చాలాసేపు చూసి, ఫ్యాను ఏ కంపెనీదని అడుగుతాడు.