కడిగి పెట్టిన పార

నేను లండన్‌లో ఒక సామూహిక తోట సామాన్ల గదిలో ఉండే పారను. మీ పొలాల్లో వంగి లాగే పారలాంటిదాన్ని కాను. నా పలక నిటారుగా ఉంటుంది; దాని పై అంచు మీద బూటుకాలు పెట్టి తొక్కితే మట్టిలోకి దిగుతాను. పిడి యాష్ కర్ర, పలక ఉక్కు. మా వంశం చేసిన పనుల్లో తల ఎత్తుకునేవీ ఉన్నాయి, దించుకునేవీ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలు తవ్విందీ మేమే, వాటి వెనకాల సమాధులు తవ్విందీ మేమే. రెండో యుద్ధంలో ‘డిగ్ ఫర్ విక్టరీ’ (గెలుపు కోసం తవ్వండి) అని ప్రభుత్వం పిలుపిస్తే పార్కులూ పచ్చికబయళ్ళూ తిరగేసి బంగాళదుంపలు, క్యాబేజీలు పండించిందీ మేమే. కాబట్టి యుద్ధం గురించీ తోట గురించీ రెండు మాటలు చెప్పే అర్హత నాకుందనుకుంటాను. నన్ను పట్టుకున్న చేతుల్లో యుద్ధకాలపు నర్సుల చేతులూ ఉన్నాయి. 1943లో ఇరవై రెండేళ్ళున్న నర్సుకు, లండన్‌లోని కెంటిష్ టౌన్‌లో జనం కలిసి నడిపే సిటీ ఫామ్ మొదలైన 1972 నాటికి యాభై ఒకటి. ఇలాంటి తోటలు ఊపందుకున్న కాలమూ, ఆ తరం నర్సులు ఉద్యోగం విరమించిన కాలమూ దాదాపు ఒకటే. వాళ్ళ గురించి ఒక మాట సులువుగా అనేస్తారు: యుద్ధంలో చూసిన రక్తాన్ని మరిచిపోవడానికి, మనశ్శాంతి కోసం మొక్కల దగ్గరికి వచ్చారని. ఈ మాటతోనే నాకు పేచీ. వాళ్ళు ఏ కారణంతో వచ్చినా, ఇక్కడ చేసింది మాత్రం నర్సు పనే.

మట్టిని చల్లని తల్లి అనడం తోటలవాళ్ళ అలవాటు. ఆస్పత్రివాళ్ళు అంత తేలిగ్గా అనలేరు. 1884లో ఆర్థర్ నికొలాయర్ అనే జర్మన్ వైద్యుడు మట్టిని జంతువుల ఒంట్లోకి ఎక్కించి ధనుర్వాతం తెప్పించాడు. 1889లో జపాన్‌కు చెందిన కితసాతో ఆ సూక్ష్మజీవిని విడిగా పెంచి చూపించాడు. తరతరాలుగా పశువుల ఎరువు పడ్డ ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో 1914లో యుద్ధం మొదలైనప్పుడు, తూటా తగిలి బతికినవాణ్ణి దానితోపాటు గాయంలోకి వెళ్ళిన మట్టి చంపింది. కొందరికి ధనుర్వాతం, కొందరికి కండ కుళ్ళి ఉబ్బే గ్యాస్ గాంగ్రీన్. పైరుకు ఏది బలమో గాయానికి అదే విషమైంది. గాయపడ్డవాళ్ళకు ముందే దాన్ని అడ్డుకునే సీరం ఇవ్వడం మొదలయ్యాక ధనుర్వాతం బాగా తగ్గింది. కుళ్ళే గాయాలను క్రిముల్ని చంపే డేకిన్ ద్రావణంతో రెండేసి గంటలకోసారి తడిపే చాకిరీ నర్సుల మీద పడింది. రెండో యుద్ధం నాటికి టీకా వచ్చింది. ఆ యుద్ధకాలమంతటిలో అమెరికా సైన్యంలో నమోదైన ధనుర్వాతం కేసులు 12. (తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని మీ ఇళ్ళలో అంటారు. తుప్పు మా జాతి జబ్బు, ఒప్పుకుంటాను. కానీ ధనుర్వాతం నేరం దానిది కాదు, మేకుకు అంటుకున్న మట్టిది.) ఈ చదువు చదివిన మనిషి తోటలో మోకాళ్ళ మీద కూర్చుందంటే, మట్టి అమాయకమని నమ్మి కూర్చున్నట్టు కాదు.

అయినా తోటకు అందమైన కథే అతుక్కుంటుంది. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే కానిస్టేబుల్‌కు పెన్సిలిన్ ఎక్కించారు. కోలుకుంటున్న దశలో మందు నిండుకుని ఆయన చనిపోయాడు. గులాబీ ముల్లు గీసుకుని ఆయనకు గాయం చీము పట్టిందని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. అది బాంబు దాడిలో తగిలిన దెబ్బ అని తర్వాత బయటికి వచ్చింది. జనానికి బాంబుకన్నా గులాబీ నచ్చింది, అంతే. మట్టి చేసిన మేలును కూడా ఇలాగే మాయగా చెబుతారు. నిజానికి అది ఓపికతో చేసిన వెతుకులాట. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు దొరికింది మట్టిలోని సూక్ష్మజీవుల్ని వరసపెట్టి పరీక్షించడం వల్లే. మిస్సోరి విశ్వవిద్యాలయపు ప్రయోగ క్షేత్రం మట్టిలోంచి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. ఆయన పనిచేసిన లెడర్లీ మందుల సంస్థలో అప్పుడు పరిశోధనలు నడిపిస్తున్నది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. చంపేదీ బతికించేదీ ఒకే గుప్పెట్లో ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి శిక్షణ కావాలి.

ఆ శిక్షణ తోటలో ఎలా పనికొస్తుందో క్యాబేజీ మడి దగ్గర చూడండి. క్లబ్‌రూట్ అనే తెగులు పట్టిన క్యాబేజీ వేళ్ళు బుడిపెలు కట్టి వాచిపోతాయి, మొక్క పట్టపగలు వాడిపోతుంది. ఆ తెగులు సిద్ధబీజాలు మట్టిలో 20 ఏళ్ళ దాకా బతికి ఉండగలవు. మడి నుంచి మడికి వాటిని మోసేది బూట్లు, నారు, నాలాంటి పనిముట్లు. ఇది చెప్పుకోవడానికి నాకు చిన్నతనంగానే ఉంది, కానీ అంటువ్యాధిని మోసిన చేతిని నేనే. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేతులు క్లోరిన్ నీళ్ళతో కడిగించాడు. మరణాలు తగ్గాయి, డాక్టర్లకు కోపం వచ్చింది. సామాన్ల గదిలో బకెట్టు, బ్రష్షు పెట్టి, వాడిన ప్రతి పారనూ కడిగే లోపల పెట్టాలని పట్టుబట్టే మనిషి మీద కూడా తోటలో కోపమే వస్తుంది. తెగులు సోకిన మొక్కను కంపోస్టు గుట్టలో వేయనివ్వకపోవడం, బంగాళదుంపకు ఆకుమాడు కనిపించగానే కాడలన్నీ కోసి దూరంగా పారేయించడం, పాత పెయింటు వల్లా ఒకప్పటి పెట్రోలు పొగ వల్లా సీసం చేరిన నగరపు మట్టి కనుక పిల్లల చేతులు కడిగించడం... ఏదీ ఫొటోకు ఎక్కే పని కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో అచ్చువేసిన నర్సింగ్ పుస్తకంలో రోగిని కనిపెట్టి చూడటం మీద ఒక అధ్యాయమే రాసింది. నిన్న లేనిది ఇవాళ ఏం కనిపించింది, ఏ పక్కనుంచి మొదలైంది, ఎంత దూరం పాకింది అని చూసి రాసిపెట్టుకోవడం వార్డులో రోగికి ఎంత అవసరమో మడిలో మొక్కకూ అంతే.

ఇందులో నర్సు గొప్పేముంది, రైతుబిడ్డకు ఇవన్నీ తెలియవా అని మీరు అడగొచ్చు. తెలుసు, చాలాసార్లు నర్సుకన్నా బాగా తెలుసు. కానీ రైతు కాపాడేది తన చేను. ఇక్కడ ఒకే పార పదిమంది చేతుల్లో తిరుగుతుంది, ఒకరి నిర్లక్ష్యానికి ఇంకొకరి మడి పోతుంది. పక్క మంచం రోగికి సోకకుండా ఈ మంచం రోగిని చూసుకోవడం నర్సు మొదట నేర్చుకునే పాఠం. పదిమందిదైన తోటకు కావలసినదీ అదే. మరి తోటపని మనసుకు మంచిది కాదా? మంచిదే. సైనిక ఆస్పత్రుల్లో కోలుకునేవాళ్ళ చేత తోటపని చేయించారు, దాన్ని కాదనను. కానీ అక్కడ ఆ సైనికుడు రోగి. తోటకు వచ్చిన ఈ నర్సును ఎవరు రోగిగా చేర్చుకున్నారు? ఆమె మనసులో ఏముందో పారకేం తెలుసంటారా, తెలియదు. తెలిసినట్టు మాట్లాడుతున్నది అవతలివాళ్ళు. ఇంకో అభ్యంతరం వీటికన్నా బరువైనది: పెద్దవయసులో కూడా ఆమె మీద డ్యూటీ మోపుతున్నావు కదా అని. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె బెంచీ మీద ఊరికే కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. కానీ చేస్తున్న పనిని విశ్రాంతి అని పిలిస్తే ఒంటికి విశ్రాంతి దొరకదు. పనికి రావలసిన పేరు మాత్రం పోతుంది.

యుద్ధకాలంలో ప్రభుత్వం తోటముక్కల్ని లెక్కపెట్టింది. రెండు యుద్ధాల్లోనూ అవి 10 లక్షలు దాటాయి. కాయగూరల్నీ టన్నుల్లో లెక్కగట్టింది. ఇప్పటి సామూహిక తోటలు విరాళాల కోసం రాసే నివేదికల్లో వయసు మళ్ళిన కార్యకర్తలను లబ్ధి పొందినవాళ్ళ వరుసలో వేస్తుంటారు: ఇంతమంది పెద్దవాళ్ళకు ఒంటరితనం తగ్గింది, ఇంతమందికి వ్యాయామం దొరికింది అని. తగ్గి ఉండవచ్చు, దొరికి ఉండవచ్చు. ఆ గడి కొట్టేయమని నేననను. దాని పక్కన ఇంకో గడి గీసి, తోట ఆరోగ్యం ఎవరు చూశారో కూడా రాయమంటాను. అందులో ఆమె పేరెక్కించేటప్పుడు వృత్తి దగ్గర ‘విశ్రాంత నర్సు’ అని కాదు, ‘నర్సు’ అని రాయాలి.