వెళ్తే తిరిగిరారట!

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ అమ్మయినా కూతురి పురిటికి అమెరికా వెళ్లాలంటే, తిరిగొస్తానని ముందు రుజువు చూపాలి. అక్కడి వలస చట్టం 214(బి) సెక్షను లెక్కన సందర్శక వీసా అడిగినవాళ్లంతా, కాదని తేలేదాకా, అక్కడే తిష్ఠవేసేవాళ్లే. గేదెను పక్కింటికి అప్పగించి రెండు రోజులు ఊరు దాటలేని మనిషి మీదా అదే అనుమానం! పాసుపుస్తకం, ఇంటిపన్ను రశీదు సంచిలో కుక్కుకుని, రాత్రి బండెక్కి హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటు చేరితే, కిటికీ అవతలి దొర చాలాసార్లు ఆ సంచి విప్పమనడు. మనుషులు తిరిగిరారని వాళ్ల భయం, వీసా రాకున్నా, కట్టిన 185 డాలర్లు మాత్రం నిజంగానే తిరిగిరావు. వీసాల దేవుడు చిలుకూరు బాలాజీయే నయం: ముందు 11 ప్రదక్షిణలు, పనయ్యాకే 108.