లోపలి గది బాబాయి

"నిద్రపోయేటప్పుడు కళ్లు మూసుకుంటావా, తెరుచుకుంటావా?"

ఫ్లోరిడా నుంచి పనామా కాలవ మీదుగా లాస్ ఏంజెలస్ దాకా 16 రాత్రుల ఓడ ప్రయాణం. మేం బాల్కనీ గది తీసుకున్నామని చెప్పగానే మా బాబాయి ఫోన్లో అడిగిన మొదటి మాట ఇది.

"మూసుకుంటాను బాబాయ్."

"మరి మూసుకున్న కళ్లకి కిటికీ ఎందుకురా?" అని పెట్టేశాడు.

రెండు నిమిషాల్లో మళ్లీ మోగింది. ఈసారి లెక్కతో వచ్చాడు. లోపలి గదికీ బాల్కనీ గదికీ మనిషికి 900 డాలర్లు తేడా. ఇద్దరికీ కలిపి 1800. 16 రాత్రులకి పంచితే రాత్రికి 112 డాలర్ల యాభై సెంట్లు. "ఆ బాల్కనీలో రోజుకి ఎంతసేపు కూర్చుంటావు? మహా అయితే గంట. అంటే గంటకి 112 డాలర్లు అద్దె కట్టి సముద్రం చూస్తున్నావన్నమాట. అదే సముద్రం పైన డెక్కు మీద ఊరికే ఇస్తున్నారు. అదీ నాలుగు పక్కలా!"

పిసినారి అనుకునేరు. కాదు. ఊళ్లో గుడికి ధ్వజస్తంభం వేయించినవాడు, పెళ్లిళ్లలో బఫే పెడితే అలిగి, తన ఖర్చుతో బంతులు వేయించినవాడు. గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ముడుచుకుపోతుంది. ఓడల మీద ఇది ఒక జాతి. వీళ్లని ఓడ దాకా వెళ్లకుండా రైల్లోనే గుర్తుపట్టచ్చు. టికెట్టు పై బెర్తుకి కొంటారు. పగలంతా మాత్రం కింద బెర్తువాడి కిటికీ పక్కన కూర్చుని, వచ్చిన స్టేషనల్లా వాడికే చెబుతారు. చీకటి పడగానే "ఇంక మీరు పడుకోండి" అని ఉదారంగా వాడి చోటు వాడికి వదిలేసి పైకెక్కిపోతారు.

బాబాయి గోదావరి జిల్లాల్లో ఇరిగేషన్ ఇంజనీరుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు పిన్నితో డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. వాళ్లిద్దరూ ఇదే ఓడకి మాతో వస్తున్నారు. గది ఎంచుకోవడానికి ఆయనకి మూడు వారాలు పట్టింది. కిటికీ లేని గదుల్లో ఎంచుకోవడానికి ఏముంటుందనుకున్నాను. నాకేం తెలుసు! డెక్కు ప్లాన్లన్నీ ప్రింటు తీయించి, భోజనాల బల్ల మీద పరిచి, ఎర్ర పెన్సిలు పట్టుకున్నాడు. ఈతకొలను కింద గది పనికిరాదు, తెల్లారకుండానే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. వంటశాల కింద వద్దు, రాత్రంతా తోపుడు బళ్లు తిరుగుతాయి. నాటకశాల మీద వద్దు. ముక్కు దగ్గర వద్దు, రేవులో లంగరు దించితే గొలుసు చప్పుడుకి గుండె ఆగుతుంది. పక్క గదికి మధ్య తలుపున్నది అసలే వద్దు, వాళ్ల దగ్గులు కూడా మనమే దగ్గాలి. పైనా కిందా కూడా పడగ్గదులే ఉండాలి. ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో ఉండాలి. "తూగుడుబల్ల మధ్యలో కూర్చున్నవాడికి ఊపు ఉంటుందా? అంతే సూత్రం" అన్నాడు. ఈ మాట నిజమే. అలలకి ఓడ ముక్కూ తోకా లేచి పడతాయి, నడుము దగ్గర కదలిక తక్కువ.

అన్నిటికన్నా చవక 'గ్యారంటీ' గది. లోపలి గది ఒకటి ఇస్తామంటారు, ఏదో మాత్రం వాళ్లిష్టం. బాబాయి ఒక రాత్రంతా దానివైపు ఆశగా చూసి, పొద్దున్నే కొట్టేశాడు. "పిల్లని చూడకుండా తాళి కట్టమంటున్నార్రా!"

లోపలి గదుల గోడకి తెర అమర్చి, బయటి కెమెరాలో పడే సముద్రాన్ని దాని మీద చూపించే ఓడలు కూడా వచ్చాయి. డిస్నీ వాళ్లు 2011లో ఓడకిటికీలా గుండ్రంగా చేశారు. 2014లో రాయల్ కరేబియన్ వాళ్ల కొత్త ఓడలో అయితే నేల నుంచి కప్పుదాకా ఉన్న ఉత్తుత్తి బాల్కనీయే పెట్టారు. ఆ సంగతి చెబితే బాబాయికి ఒళ్లు మండింది. "గోడంటే గోడలా ఉండాలి. వేషాలెయ్యకూడదు."

ఎక్కిన రోజు వాళ్ల గది చూడ్డానికి వెళ్లాం. పొడుగాటి నడవాలో ఒకేలా ఉన్న తలుపుల మధ్య వాళ్లది తేలిగ్గానే తెలిసింది. పిన్ని తలుపుకి అయస్కాంతంతో మామిడాకుల తోరణం అంటించింది, ప్లాస్టిక్‌ది. గోడలు ఇనుపవి గనక అయస్కాంతం పట్టుకుంటుంది. లోపల ఇంకో పన్నెండు అయస్కాంతపు కొక్కేలకి తువ్వాళ్లు, టోపీ, కళ్లజోడు సంచీ, బాబాయి బీపీ మాత్రల కవరు వేలాడుతున్నాయి. 160 చదరపు అడుగులుంటుందేమో గది. ఒకరు నడవాలంటే ఇంకొకరు మంచం ఎక్కాలి. స్నానాలగదిలో తెర ఒంటికి అతుక్కుని కౌగిలించుకుంటోందని పిన్ని చెప్పింది. ఎక్కేటప్పుడు తనిఖీలో రైస్ కుక్కర్ పట్టేసుకుని రసీదిచ్చారట, దిగేటప్పుడు ఇస్తారట. సీలు తియ్యని గోంగూర సీసా మాత్రం గెలిచి లోపలికి వచ్చింది.

"దీపం ఆర్పి చూపించనా?" అన్నాడు బాబాయి. ఆర్పాడు.

అలాంటి చీకటి నేనెప్పుడూ చూళ్లేదు. ఊళ్లో అమావాస్యనాడు కరెంటు పోయినా ఎక్కడో ఒక చుక్క మినుకుమంటుంది. ఇక్కడ కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆ చీకట్లోంచి బాబాయి గొంతు గర్వంగా వినిపించింది. "చూశావా! ఇలాంటి నిద్ర ఏ మహారాజుకైనా దొరుకుతుందా?" ఆ పక్కనుంచి పిన్ని గొంతు, "ముందు ఆ స్విచ్చెక్కడో వెతకండి."

ఈ గదిలో తెల్లవారడమంటే టీవీలోనే. ఓడ ముక్కు మీది కెమెరా చూపించే ఛానెల్ ఒకటుంటుంది. తెర నల్లగా ఉంటే రాత్రి, బూడిదరంగైతే కాఫీ వేళ. చప్పుడు తగ్గించి రాత్రంతా దాన్ని అలాగే ఉంచేది పిన్ని. మంట వెలిగించనివ్వరు గనక బ్యాటరీ దీపంతో దీపారాధన. అయితే తూర్పెటు? ఓడేమో తిరుగుతూ ఉంటుంది. బాబాయి పటం ఛానెల్ పెట్టి, ఓడ ఎటు పోతోందో చూసి, చెయ్యి చాపి, "ఇవాళ బీరువా వైపు" అనేవాడు. మర్నాడు స్నానాలగది వైపు. సూర్యనమస్కారం మాత్రం నేరుగా టీవీకే.

గదిలో ఉండే పనిలేదు కదా అని బాబాయి ఓడనంతా ఆక్రమించాడు. అయిదింటికి డెక్కు మీద నడక, ఏడింటికి కిటికీ పక్క బల్ల దగ్గర టిఫిను, తర్వాత గ్రంథాలయంలో గాజుగోడ పక్కన పెద్ద కుర్చీ. మూడో రోజుకి ఆ కుర్చీని అందరూ ఆయనదేననుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం అయిదింటికి మాత్రం మా తలుపు చప్పుడయ్యేది.

"ఊరికే ఇలా వెళుతూ..." అనేవాడు. మా గది ఎటు వెళ్లే దారిలోనూ లేదు.

వచ్చి, బాల్కనీలో ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి తీసుకుని, రెయిలింగు మీద కాళ్లు పెట్టి, సూర్యుడు పూర్తిగా మునిగేదాకా బాల్కనీ ఎంత దండగో వివరించేవాడు. "చిన్నమావయ్యగారూ, ఇంకో కప్పు కాఫీ?" అని మా ఆవిడ అడిగేది. "వద్దమ్మా, మళ్లీ నిద్రపట్టదు. సగమే ఇవ్వు." నేను గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి. గంటకి 112 డాలర్లు కట్టినవాణ్ణి మరి.

ఆ సాయంత్రాల్లోనే ఒకసారి మా ముత్తాత సంగతి చెప్పాడు. బాబాయికి స్వయానా తాత. కాకినాడలో పడవెక్కి, దూరంగా నిలిచిన స్టీమరు చేరుకుని, దాని మీద రంగం వెళ్లాడట. రంగూన్‌ని మావైపు రంగమనేవాళ్లు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనేవారు. ఆయనది డెక్కు టికెట్టు. అంటే గది లేదు, చాప తనది, చద్దిమూట తనది, నెత్తిన ఆకాశం. "గది ఉందా? లేదు. వెళ్లాడా లేదా? వెళ్లాడు. రెండెకరాలు కొన్నాడా లేదా? కొన్నాడు." ఆ రెండెకరాలూ గది తీసుకోనందువల్లే వచ్చాయన్నట్టు చెప్పాడు.

ఇంక కాలవ రోజు. అసలు బాబాయి వచ్చింది దీనికోసమే. లాకులు ఆయన ప్రాణం. ధవళేశ్వరం లాకుల దగ్గర నీళ్లు సమానమై పడవ కోసం తలుపులు తెరుచుకోవడం చిన్నప్పుడు చూసి, ఆ వింత కోసమే ఇంజనీరయ్యానని చెబుతాడు. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలెట్టిన దగ్గర్నుంచి 1914 ఆగస్టు 15న పనామా కాలవలో అధికారికంగా మొదటి ఓడ దాటినదాకా, ఓడెక్కిన దగ్గర్నుంచి భోజనాల దగ్గర మాకు పాఠం నడుస్తూనే ఉంది. హాలిబర్టన్ అనే అమెరికా రచయిత 1928లో ఈ కాలవని ఈదుకుంటూ దాటితే, ఓడలకి టన్నుల లెక్కన వేసినట్టే ఆయనకీ బరువు చూసి లెక్కకట్టి 36 సెంట్లు వసూలు చేశారు. ఆ ముక్క బాబాయి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు. "36 సెంట్లు! ఆయనకి బాల్కనీ ఉందా?"

ఆ ముందు రాత్రి పొద్దున్నే లేవాలని టీవీ కట్టేశాడు. వెలుగు కంట్లో పడుతోందట. నాలుగున్నరకి తడుముకుంటూ లేచి, "లేస్తావా?" అన్నాడట. "అయిదు నిమిషాలు" అందట పిన్ని. ఆయన వెళ్లి ఓడ ముక్కు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయనకి భార్య అనే మనిషి ఒకరు ఉన్నారన్న సంగతి గుర్తులేదు.

తప్పు పట్టడానికీ లేదు. నేను పక్కనే ఉన్నాను. గాటూన్ లాకుల్లో మూడు మెట్లెక్కి ఓడ 26 మీటర్లు పైకి లేస్తుంది, ఒక్క పంపు లేకుండా. పైనున్న చెరువు నీళ్లు వాటంతటవే పల్లానికి దిగి ఓడని ఎత్తుతాయి. పాత లాకు వెడల్పు 110 అడుగులు, మా ఓడ 106. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. గోడల మీద పట్టాలపై విద్యుత్ ఇంజన్లు తాళ్లు బిగబట్టి ఓడని నడిమధ్యన నిలబెడతాయి. వాటిని అక్కడ కంచరగాడిదలంటారు. రెండు రెక్కల తలుపులు మెల్లగా మూసుకుని కలుసుకున్నప్పుడు బాబాయి కళ్లు తడిశాయి. "అదే తలుపురా! మన ధవళేశ్వరం తలుపే! కాస్త పెద్దది." అంతలోనే ఇరిగేషన్ మనిషి నిద్రలేచాడు. ఒక్క ఓడ దాటితే దాదాపు ఇరవై కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రం పాలు. వేళ్లు మడిచి లెక్కకట్టి, "నలభై ఎకరాల దాళ్వా పంటరా ఇది, ఇంచుమించు!" అని తల పట్టుకున్నాడు.

పిన్ని పైకి వచ్చేసరికి ఓడ గాటూన్ చెరువు మధ్యలో ఉంది. చుట్టూ అడవి, పచ్చటి లంకలు. కెప్టెన్ ప్రకటనలు నడవాలో మోగాయి గానీ గదిలోకి వినబడలేదు. రెండుసార్లు మెలకువ వచ్చిందట, చీకటిగా ఉందని మళ్లీ పడుకుందట.

"ఏవండీ, లాకులేవీ?"

బాబాయి మొహం చూడాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో గండిపడ్డ కాలవగట్టు దగ్గర కూడా అలా నిలబడి ఉండడు. "దిగేవి ఇంకా మూడు మెట్లున్నాయే" అన్నాడు, వాటిని తనే ఆపి ఉంచినట్టు.

ఆ మూడు మెట్లూ పిన్ని మా బాల్కనీలోంచి చూసింది. బాబాయి పైకి రమ్మని కబురు మీద కబురు పంపాడు, ముక్కు దగ్గర చోటు పట్టానని. పిన్ని కదల్లేదు. కుర్చీలో కాళ్లు మడుచుకుని, కాఫీ కప్పు ఒళ్లో పెట్టుకుని, మిరాఫ్లోరెస్ లాకుల్లో ఓడ దిగుతుంటే పక్కనున్న గోడ అంగుళం అంగుళంగా పైకి లేచి రావడం చూసింది. వందేళ్ల కాంక్రీటు, మీద ఆకుపచ్చ నాచు, గోడ మీంచి టోపీ ఊపిన ఒక పనివాడు. అంతే అక్కడ ఉన్నది. పిన్ని వాడికి చెయ్యి ఊపింది. "గాలి బావుందే" అంది మా ఆవిడతో. ఆ మూడు మెట్లూ దిగేదాకా ఆవిడ అన్నది ఆ ఒక్క మాటే.

లాస్ ఏంజెలస్‌లో కుక్కర్ తిరిగి తీసుకుంటున్న వరసలో ఇంకో మాట అంది. "వచ్చేసారి నాకు కిటికీ కావాలండీ. మీరు మీ గదిలో పడుకోండి."

బాబాయి దీన్ని న్యాయమైన పరిష్కారంగా భావించాడు. ఇంటికి వచ్చిన వారానికే కాగితం మీద పెట్టాడు. ఆవిడకి బాల్కనీ 2500, ఆయనకి లోపలి గది 1600. వెరసి 4100. అప్పుడు ఫోన్ చేసి నన్నడిగాడు. నేను చెప్పక తప్పలేదు. ఈ ధరలు గదికి ఇద్దరుంటేనే. ఒక్కరే ఉంటే రెండో మనిషి డబ్బు కూడా దాదాపు ఆ ఒక్కరే కట్టాలి. అంటే ఆవిడకి 5000, ఆయనకి 3200. మొత్తం 8200. ఇద్దరూ బాల్కనీలో ఉంటే 5000కే అయిపోతుంది.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. పెన్సిలు గీకుతున్న శబ్దం వినిపించింది. బాల్కనీలో ఇద్దరూ కలిసి ఉండే వరసని ఆయన పెన్సిలు మూడుసార్లు దాటుకుని వెళ్లిపోయి ఉంటుంది.

మొన్న ఆదివారం మళ్లీ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు, పిన్ని పక్క గదిలో ఉందేమో.

"ఒరేయ్, మీ పిన్నికి బాల్కనీ ఖాయం చేసెయ్. నా సంగతి వాళ్లనోసారి కనుక్కో. డెక్కు టికెట్లు ఇప్పుడు అసలు ఇవ్వడం లేదా?"