నూనె వలదు: ఒక తొడ పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: భోగి సాయంత్రం. కోనసీమలో ఒక ఊరి హైస్కూలు గ్రౌండులో చెడుగుడు పోటీలు. ధీరోదాత్తుడైన నాయకుడు (ఇంటర్ రెండో ఏడు) తొడ చరిచి కూతకెళ్ళాడు. అవతలి జట్టువాడి మోకాలు సరిగ్గా ఆ చరిచిన చోటే దిగింది. నలుగురు ఇంటికి మోసుకొచ్చేసరికి, అరుగు మీద కొబ్బరినూనె సీసాతో, చొక్కా చేతులు పైకి మడుచుకుని మేనమామ సిద్ధంగా ఉన్నాడు. ఆ భయంలో నాయకుడి నోట పుట్టిన ఆటవెలది ఇది:

తొడకు దెబ్బ తగిలె, తోమకు మామయ్య!
నూనె వలదు, వలదు, నులుమ వలదు;
ఐసు గుడ్డ చుట్టి యదిమి, మోకాలును
మడిచి యుంచు మొదట మంచమెక్కి.

ప్రతిపదార్థం: మామయ్య = ఓ మేనమామా; తొడకు = చరుచుకోవడానికి దేవుడిచ్చిన అవయవానికి; దెబ్బ తగిలె = మొదటిసారి వేరొకరు చరిచారు; తోమకు = రుద్దకు (ఇత్తడి బిందెలకు వాడే క్రియ, మామయ్య పద్ధతి తెలిసే వేశాడు); నూనె వలదు = నూనె వద్దు; వలదు = మళ్ళీ వద్దు; నులుమ వలదు = నలపవద్దు; ఐసు = మంచుగడ్డను; గుడ్డ చుట్టి = తువ్వాలులో చుట్టి; అదిమి = ఒత్తిపెట్టి; మోకాలును మడిచి యుంచు = స్పష్టం; మొదట = మొదటి రోజంతా; మంచమెక్కి = మంచం ఎక్కి.

తాత్పర్యం: మామయ్యా, దూరంగా కూర్చో.

విశేషాలు: కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టాడు. మొదటిది మాకూ శిరోధార్యం. రెండోది మావల్ల కాదు.

‘వలదు, వలదు’ అన్నది పునరుక్తి కాదు. మొదటిది నూనెకి. రెండోదానికి ‘కాపడము’ అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. ఉప్పుమూట, ఇటుకరాయి, వావిలాకు వేసి కాచిన నీళ్ళు అన్నీ అందులోకే వస్తాయి. కారణం ఏమిటంటే, తొడ ముందువైపు క్వాడ్రిసెప్స్ అనే నాలుగు తలల కండ ఉంది. బయటి నుంచి మోకాలు, లోపలి నుంచి తొడ ఎముక, రెండూ కలిసి దాన్ని నలిపేస్తే లోపల నెత్తురు కారుతుంది. మొదటి రెండు మూడు రోజులు వేడి పెట్టినా, తోమినా ఆ కారడం పెరుగుతుంది. ఒక్కోసారి ఆ గడ్డకట్టిన చోట కండలోనే ఎముక మొలుస్తుంది. కొన్ని వారాల తర్వాత ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మేనల్లుడికి లేని ఎముక పుట్టించిన కీర్తి మామయ్యకు అవసరమా?

పాఠాంతరం: రాజోలు ప్రతిలో ‘తోమవే మామయ్య’ అని ఉంది. ఛందస్సుకు సరిపోయినా అపపాఠమే. ఆ ప్రతి నిండా నూనె మరకలు.

‘ఐసు’ అన్న ఇంగ్లీషు మాటకు ‘అదిమి’ అన్న తెలుగు మాటతో యతి చక్కగా చెల్లింది. ఈ సీమలో ఐసుకు కరువు లేదు. అంతర్వేది పల్లిపాలెం రేవులో చేపకు దొరికేది, చెరువు గట్టున రొయ్యకు దొరికేది, మనిషి తొడకు దొరకదా? కాకపోతే చర్మం మీద నేరుగా పెట్టకూడదు, కందిపోతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టి తీసి, రెండు మూడు గంటలాగి మళ్ళీ పెట్టాలి.

‘మడిచి’ అన్నదే పద్యానికి ప్రాణం. మన ఇళ్ళలో దెబ్బతిన్న కాలును తలగడ మీద బారచాపి పడుకోబెడతారు. వెస్ట్ పాయింట్‌లోని అమెరికా సైనిక అకాడమీ వైద్యులు 117 తొడ దెబ్బలకు వైద్యం చేసి 1991లో చెప్పిన పద్ధతి దీనికి తలకిందులు: మొదట్లో మోకాలిని మడిచి, అలాగే ఉంచడం. మడిచినప్పుడు కండ సాగి బిగుతుగా ఉంటుంది, నెత్తురు చేరడానికి చోటు తగ్గుతుంది, మోకాలు బిగుసుకుపోదు. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకే సుమా. మరునాటి నుంచి మెల్లగా, తనంతట తనే ఆడించుకోవాలి. పక్కవాళ్ళు పట్టి లాగకూడదు.

‘మంచమెక్కి’ దగ్గర పండితులకు పేచీ. వ్యాకరణం ప్రకారం మంచం ఎక్కవలసినవాడు మామయ్యే. కవి ఉద్దేశం కూడా అదేనని మా నమ్మకం. ఆయన పడుకుంటేనే తొడకు విశ్రాంతి.

శంక: భోగి నాడు దెబ్బ తగిలితే, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభకు భుజం పట్టవచ్చునా? సమాధానం: కూడదు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్లాగా కౌశిక నది దాటి, చేల గట్లు తొక్కుతూ పరిగెత్తించే సంబరమైతే అసలే కూడదు. ఆ వెస్ట్ పాయింట్ లెక్కలోనే తేలికపాటి దెబ్బకు సగటున 13 రోజులు, మధ్యరకానికి 19, గట్టిదానికి 21 పట్టాయి. మోకాలు 90 డిగ్రీలు దాటి మడవగలిగితే తేలిక, 45 కూడా మడవకపోతే గట్టిది. ఆ తీర్థానికి ప్రభలెక్కి వచ్చే పదకొండు గ్రామాల రుద్రులూ వచ్చే ఏడూ వస్తారు.

మూడోనాడు మోకాలి దగ్గర నలుపు, పసుపు మచ్చలు తేలతాయి. తొడకు దెబ్బ తగిలితే మోకాలు నల్లబడిందేమిటని ఇంట్లో దిష్టి తీస్తారు. నెత్తురు కిందికి జారిందంతే. దిష్టి తీసినా నష్టం లేదు, ఎర్రనీళ్ళు తొడ మీద వేడిగా పోయనంతవరకు.

దుర్యోధనుడి ఉదాహరణ ఇక్కడ చెల్లదు. భాసుడు ‘ఊరుభంగం’ రాసింది విరిగిన తొడల మీద. మనది నలిగిన తొడ.

తిరిగి కూతకెళ్ళడానికి లక్షణం: రెండు మడమలూ పిరుదులను ఒకేలా అందుకోవాలి, పరుగు, గెంతు నొప్పి లేకుండా రావాలి. తొడ చరచడం ఆ తర్వాత, అదీ రెండో తొడ.

మామయ్యలకు మనవి: నెత్తురు పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు ఇదే దెబ్బ తగిలితే పద్యంతో సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి. ఎవరికైనా సరే, నొప్పి గంటగంటకూ పెరిగి, తొడ చెక్కలా బిగిసి, పాదం తిమ్మిరెక్కితే వెంటనే బండి కట్టించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. తెల్లారేదాకా ఆగకండి.