మీ టైము మీ ఇష్టం!

మా హైటెక్ సిటీలో స్వేచ్ఛకు కొదవ లేదు. పదకొండింటికి రండి, ఎవరూ అడగరు. నాలుగింటికే వెళ్లిపోండి, అసలు అడగరు. రాత్రి తొమ్మిదిన్నరకు కాలిఫోర్నియా క్లయింటు కాఫీ తాగి కుర్చీలో కూర్చునేసరికి మాత్రం మీరు లైన్లో ఉండాలి.

నవంబరు వచ్చిందంటే ఈ స్వేచ్ఛ ఇంకో గంట సాగుతుంది. అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, కూకట్‌పల్లిలో అన్నం గంట ఆలస్యంగా తింటారు. తొమ్మిదిన్నర కాల్ పదిన్నరకు జరుగుతుంది. వర్క్ ఫ్రం హోమ్ అంటే నాన్న ఇంట్లో ఉంటాడనుకున్న పిల్ల, హోంవర్కు పుస్తకంతో మూసిన తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్లి పడుకుంటుంది.

"ఇది నీ ప్రాజెక్టే అనుకో" అంటారు మేనేజరు గారు. లాభాలు పంచుకునే రోజున అలా అనుకోనక్కర్లేదు. క్లయింటుకు డెడ్‌లైన్ చెప్పేశాక, ఎన్ని రోజులు పడుతుందని మనల్ని అడుగుతారు. నిర్ణయాధికారం మాత్రం పూర్తిగా మనదే: శనివారం పని చేయాలా, ఆదివారమా?

ఇక టైంషీటు. శుక్రవారం సాయంత్రం తెరిచి రోజుకు పన్నెండు గంటలని నిజం రాశారా, "బిల్లింగు ఎనిమిదే కదమ్మా, సరిచేసి పంపు" అని తిరిగొస్తుంది. మిగతా నాలుగూ ఎటుపోయాయని అడగకండి, టైం మేనేజ్‌మెంట్ శిక్షణకు పంపుతారు. అదీ శనివారమే పెడతారు.

పెద్దలకు ఇదీ చాలడం లేదు. యువత వారానికి 70 గంటలు పని చేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు పాట మొదలుపెట్టారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు దాన్ని 90కి పెంచి, ఇంట్లో ఎంతసేపని పెళ్లాం మొహం చూస్తారని కూడా వాకబు చేశారు. ఫ్యాక్టరీ కార్మికుడికి 1948లోనే చట్టం వారానికి 48 గంటల హద్దు గీసింది. కార్పొరేట్ సంస్కృతి తెలియని రోజులు, పాపం! తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిస్తూనే, వారానికి 48 దాటితే ఓవర్‌టైం ఇవ్వాలంది. ఇవ్వాలంటే ముందు ఆ గంట కాగితం మీద కనపడాలిగా?

అందుకని అయ్యలారా, మాకు యోగా క్లాసులూ శుక్రవారం పిజ్జాలూ వద్దు. చేసినన్ని గంటలు టైంషీటులో రాసుకోనివ్వండి చాలు. ఆ తర్వాత 70 కావాలో 90 కావాలో, ఓవర్‌టైం బిల్లు చూసుకుని మీరే చెప్పండి.